ముందే ముట్లుడిగితే

"పిల్లలు పుట్టేశారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా అయిపోయింది. ఇంక గర్భసంచితో పనేముంది? తీయించేసుకుంటే పీడ పోతుంది."

ఈ మాట మన ఊళ్లలో తరచుగా వింటాం. నీళ్ల పంపు దగ్గర అంటారు. నాట్లు వేసే చోట అంటారు. కొందరు డాక్టర్లు కూడా అంటారు. తెల్లబట్ట అవుతోందని ఒకామె తీయించుకుంటుంది. నెలనెలా నాలుగు రోజులు కూలి పోతోందని ఇంకొకామె తీయించుకుంటుంది. "తీయకపోతే క్యాన్సర్ అవుతుంది" అని ఎవరో భయపెడితే అప్పు చేసి మరీ పోయేవాళ్లున్నారు.

2019-21లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లను అడిగారు. దేశం మొత్తం మీద 100 మందిలో సుమారు 3 మందికి గర్భసంచి తీసేశారని తేలింది. మరి మన దగ్గర? తెలంగాణలో 100కి సుమారు 8 మంది. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 మంది. దేశం లెక్కకు ఇది దాదాపు మూడింతలు. దేశంలో ఈ ఆపరేషన్ అయినవాళ్లలో దాదాపు సగం మందికి 35 ఏళ్ల లోపే అయింది. ఎక్కువ ఆపరేషన్లు ప్రైవేటు ఆస్పత్రుల్లోనే జరిగాయి.

మన ఆడవాళ్ల గర్భసంచులే ఎందుకు ఇంతగా చెడిపోతున్నాయి? ఈ ప్రశ్న వేసుకోవాలి.

అంతకంటే ముందు ఇంకొకటి తెలుసుకోవాలి. గర్భసంచితో పాటు ఏం పోతుంది? పోయినదాన్ని మందుతో మళ్లీ తెచ్చుకోవచ్చా?

కబురు మోసే రసం

గర్భసంచికి రెండు పక్కలా రెండు అండాశయాలు ఉంటాయి. ఒక్కొక్కటి బాదం గింజంత ఉంటుంది. నెలనెలా గుడ్డు విడుదల చేసేది ఇవే. ఇవి ఇంకొక పని కూడా చేస్తాయి. ఒక రకమైన రసాన్ని తయారు చేసి రక్తంలోకి వదులుతాయి. ఆ రసాన్ని హార్మోన్ అంటారు.

హార్మోన్ అంటే కబురు మోసేది అనుకోండి. పోస్టుమన్ ఉత్తరం తెచ్చి ఇంటింటికీ ఇస్తాడు గదా. అలాగే హార్మోన్ రక్తంలో తిరుగుతూ ఒంట్లో ఒక్కో చోటికి ఒక్కో కబురు చేరవేస్తుంది. మన ఒంట్లో ఇలాంటివి చాలా ఉన్నాయి. చక్కెర జబ్బు వాళ్లు సూదితో వేసుకునే ఇన్సులిన్ ఒక హార్మోన్. గొంతు దగ్గరుండే థైరాయిడ్ గ్రంథి ఇచ్చేది ఇంకొకటి.

అండాశయాలు ఇచ్చే హార్మోన్లలో ముఖ్యమైనవి రెండు. ఒకటి ఈస్ట్రోజెన్. రెండోది ప్రొజెస్టిరాన్. ముట్లు రావడం, గర్భం నిలవడం వీటి వల్లే. ఈస్ట్రోజెన్ పని అక్కడితో ఆగదు. ఎముకలోని సున్నం తొందరగా కరిగిపోకుండా చూస్తుంది. రక్తనాళాలను మెత్తగా ఉంచుతుంది. నిద్రకూ, మనసు నిలకడకూ దానితో సంబంధం ఉంది. యోనిలో తడి ఆరిపోకుండా ఉండేది కూడా దానివల్లే.

పిల్లలు పుట్టడం ఆగినంత మాత్రాన ఈ పనులు ఆగవు. కాబట్టి "ఇంక పనేముంది" అనే మాట తప్పు.

వయసు వచ్చి ముట్లుడగడం వేరు

మన దేశంలో ఎక్కువమందికి 46, 47 ఏళ్ల ప్రాంతంలో ముట్లు ఆగిపోతాయి. ఒకరిద్దరికి నాలుగేళ్లు ముందూ వెనుకా అవుతుంది. ఇది జబ్బు కాదు. వరసగా 12 నెలలు ముట్టు రాకపోతే ముట్లుడిగినట్టు లెక్క.

ఇది ఒక్కసారిగా రాదు. మూడు నాలుగేళ్ల ముందు నుంచే అండాశయాల పని తగ్గుతూ వస్తుంది. ముట్టు ఒక నెల వస్తుంది, ఒక నెల రాదు. ఉన్నట్టుండి ముఖం, ఛాతీ వేడెక్కుతాయి. చెమటలు పోస్తాయి. వీటినే సెగలు, ఆవిర్లు అంటారు. నిద్ర పట్టదు. చిన్నమాటకే కోపం, ఏడుపు వస్తాయి. కొందరికి ఇవేవీ ఉండవు. కొందరికి మాత్రం ఏళ్ల తరబడి ఉంటాయి.

పొగాకు తాగే ఆడవాళ్లకు ముట్లు ఒకటి రెండేళ్లు ముందే ఆగిపోతాయి. శ్రీకాకుళం, విజయనగరం వైపు అడ్డచుట్ట తాగే అమ్మలు ఈ మాట గుర్తుంచుకోవాలి. అడ్డచుట్ట వల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తుందని ఇప్పటికే తెలుసు. ఎముకలకూ అది చెడ్డదే.

నర్సమ్మ దగ్గర

ఇప్పుడు ఒక సంభాషణ చదవండి. ఇందులో ఒక అత్త, ఒక కోడలు, ఒక నర్సమ్మ ఉన్నారు. ఇద్దరు ముగ్గురు కలిసి పైకి చదివితే బాగుంటుంది.

కోడలు: నర్సమ్మా, నాకు రాత్రిళ్లు నిద్ర లేదు. ఉన్నట్టుండి ఒళ్లంతా సెగలు. జాకెట్టు తడిసిపోతోంది.

అత్త: సంక్రాంతి చలిలో కూడా ఫ్యాను వెయ్యమంటుంది నర్సమ్మా! నడుం నొప్పంటుంది, మోకాళ్లంటుంది. నా వయసులో నేనే కలుపుకి పోతుంటే దీనికేమొచ్చింది?

నర్సమ్మ: నీ వయసెంతమ్మా?

కోడలు: ముప్పై ఆరు.

నర్సమ్మ: ముట్లు సరిగ్గా వస్తున్నాయా?

కోడలు: ముట్లెక్కడివి? మూడేళ్ల కింద గర్భసంచి తీసేశారు గదా.

నర్సమ్మ: గర్భసంచి ఒక్కటే తీశారా? అండాశయాలు కూడా తీశారా?

కోడలు: ఏమో, నాకేం తెలుసు? అంతా శుభ్రంగా తీసేశాం అన్నారు. వేలిముద్ర వెయ్యమన్నారు, వేశాను.

నర్సమ్మ: ఆస్పత్రి వాళ్లిచ్చిన కాగితం ఉందా?

అత్త: ఉంది. పట్టా కాగితాలతో పాటు పెట్టెలో పెట్టాను. నేను దేన్నీ పారెయ్యను.

నర్సమ్మ: మంచి పని చేశావు పెద్దమ్మా. నీకు ముట్లు ఎప్పుడు ఆగాయి?

అత్త: మా పెద్ద మనవడు పుట్టిన ఏడు. నలభై ఎనిమిదో, తొమ్మిదో ఉంటాయి. నాకూ సెగలొచ్చాయిలే. రెండేళ్లకు తగ్గాయి.

నర్సమ్మ: నీకు మూడు నాలుగేళ్ల పాటు కొంచెం కొంచెంగా తగ్గింది. ఒళ్లు అలవాటు పడింది. అండాశయాలు తీసేసి ఉంటే నీ కోడలికి ఒక్క పూటలో ఆగిపోయి ఉంటుంది. నీకు నలభై ఎనిమిదిలో వచ్చింది దీనికి ముప్పై మూడులోనే వచ్చింది. పదిహేనేళ్లు ముందు. వేషాలు కాదు పెద్దమ్మా.

అత్త: అయ్యో! నేను రోజూ తిడుతూనే ఉన్నాను. మరి మందేమన్నా ఉందా?

నర్సమ్మ: ఉంది. అందరికీ పనికొచ్చేది కాదు. ముందు ఆ కాగితం తీసుకుని పెద్దాస్పత్రిలో ఆడవాళ్ల డాక్టరుకు చూపించాలి. నేనూ వస్తాను.

కోడలు: నర్సమ్మా, చూపు కూడా మసగ్గా ఉంది. సూదిలో దారం ఎక్కడం లేదు. అది కూడా ఆపరేషన్ వల్లేనా?

నర్సమ్మ: కాదమ్మా. దానికి కళ్ల డాక్టరున్నాడు. అన్నీ ఆపరేషన్ మీదే పెట్టకూడదు.

నర్సమ్మ చెప్పింది నిజం. అండాశయాలు తీసేస్తే ఆ రోజుతోనే ముట్లుడిగినట్టు. అది చిన్న వయసులో జరిగితే ఎముకలు తొందరగా గుల్లబారతాయి. గుండెజబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది. అరవై అయిదేళ్లకు జారిపడితే విరగాల్సిన తుంటి ఎముక యాభై అయిదుకే విరగవచ్చు. కూలి చేసుకు బతికే మనిషికి తుంటి విరిగితే ఆ ఇంటి సంగతేమిటి?

అండాశయాలు ఉంచి గర్భసంచి ఒక్కటే తీస్తే ఇంత ముప్పు లేదు. అయినా అలాంటివాళ్లలో కూడా అండాశయాలు మిగతావాళ్లకంటే కొంత ముందుగానే పని మానేస్తాయి. ముట్లు రావు కాబట్టి ఎప్పుడు మానేశాయో తెలియదు. సెగలు మొదలైతేనే తెలుస్తుంది.

పోయిన హార్మోన్‌ను మందుగా ఇవ్వడం

ఒంట్లో తయారవని హార్మోన్‌ను బయటి నుంచి ఇవ్వడం కొత్త సంగతి కాదు. ఇన్సులిన్ అలాంటిదే. ముట్లుడిగినవాళ్లకు ఈస్ట్రోజెన్ ఇవ్వడం కూడా అలాంటిదే. దీన్నే హార్మోన్ చికిత్స అంటారు. బిళ్లలు ఉన్నాయి. చర్మానికి రాసే జెల్, అంటించే పట్టీ ఉన్నాయి. యోనిలో పెట్టే క్రీము ఉంది.

ఈ మందు కథ వింతగా ఉంటుంది. 1942లో అమెరికాలో ప్రెమారిన్ అనే బిళ్ల అమ్మకానికి వచ్చింది. చూడు గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజెన్ అది. 1966లో రాబర్ట్ విల్సన్ అనే డాక్టరు ఒక పుస్తకం రాశాడు. ముట్లుడగడం ఒక జబ్బు అన్నాడు. ఈ మందు వాడితే ఆడవాళ్లు ఎప్పటికీ పడుచుగా ఉంటారన్నాడు. లక్షలమంది వాడారు. 1975లో తెలిసింది, గర్భసంచి ఉన్నవాళ్లు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే గర్భసంచి లోపలి పొరకు క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని. అప్పటి నుంచి వాళ్లకు ప్రొజెస్టిరాన్ వంటి మందు కూడా కలిపి ఇస్తున్నారు. ఆ రెండో మందు పొరను కాపాడుతుంది. గర్భసంచి లేనివాళ్లకు మామూలుగా ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు.

పదివేల మందిలో ఎనిమిది మంది

2002లో ఇంకొక కబురు వచ్చింది. అమెరికాలో గర్భసంచి ఉన్న 16,608 మందిని తీసుకున్నారు. వాళ్ల వయసు 50 నుంచి 79 ఏళ్లు. సగం మందికి రెండు హార్మోన్లు కలిసిన బిళ్ల ఇచ్చారు. మిగతావాళ్లకు మందు లేని ఉత్త బిళ్ల ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో వాళ్లకు చెప్పలేదు. సుమారు అయిదేళ్లు చూసి, అనుకున్న గడువుకంటే ముందే ఆపేశారు.

ఎందుకు ఆపారు? లెక్క చూడండి. పదివేల మంది ఒక ఏడాది ఈ మందు వాడారనుకోండి. మందు వాడనివాళ్లకంటే 8 మందికి రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా వచ్చింది. 8 మందికి పక్షవాతం, 7 మందికి గుండెపోటు వంటి గుండెజబ్బు, 8 మందికి ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ ఎక్కువగా వచ్చాయి. ఇంకోపక్క పెద్దపేగు క్యాన్సర్ 6 మందికి తగ్గింది. తుంటి విరగడం 5 మందికి తగ్గింది.

పేపర్లన్నీ రాశాయి. ప్రపంచమంతా భయపడిపోయింది. లక్షలమంది రాత్రికి రాత్రి మందు మానేశారు. 35 ఏళ్లకే అండాశయాలు పోయినవాళ్లు కూడా మానేశారు. నిజానికి ఆ పరీక్ష వాళ్లగురించి కాదు. అందులో ఉన్నవాళ్ల సగటు వయసు 63. ముట్లుడిగి పదేళ్లు దాటిపోయినవాళ్లే ఎక్కువ. అప్పటికే రక్తనాళాలు గట్టిపడి ఉంటాయి.

గర్భసంచి లేని 10,739 మందికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చి ఇంకో పరీక్ష చేశారు. దాన్ని 2004లో ఆపారు. అందులో పక్షవాతం పెరిగింది. రొమ్ము క్యాన్సర్ మాత్రం పెరగలేదు.

లెక్కలన్నీ మళ్లీ వయసులవారీగా విడదీసి చూశారు. 60 ఏళ్ల లోపు, ముట్లుడిగి పదేళ్లు దాటకముందు మొదలుపెడితే చాలామందికి నష్టం కంటే మేలే ఎక్కువ అని ఇప్పటి డాక్టర్ల మాట. ఆ తర్వాత కొత్తగా మొదలుపెడితే ముప్పు ఎక్కువ. 2025 నవంబరులో అమెరికా ప్రభుత్వ మందుల సంస్థ ఈ మందుల మీద ఉన్న గుండెజబ్బు, రొమ్ము క్యాన్సర్ పెద్ద హెచ్చరికలను తీయిస్తామని ప్రకటించింది. ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే గర్భసంచి పొరకు వచ్చే క్యాన్సర్ గురించిన హెచ్చరికను మాత్రం ఉంచింది.

చూశారా, ఒకే మందు. ఒకసారి అమృతమన్నారు. ఒకసారి విషమన్నారు. ఎవరికి, ఏ వయసులో, ఎంత మోతాదులో అనేది పక్కన పెట్టి మాట్లాడితే ఇలాగే అవుతుంది.

ఎవరికి మేలు, ఎవరికి వద్దు

45 ఏళ్ల లోపే అండాశయాలు పోయినవాళ్లకు, లేదా అవే పని మానేసినవాళ్లకు ఈ మందు అవసరం ఎక్కువ. వద్దనడానికి వేరే కారణం లేకపోతే, మామూలుగా ముట్లుడిగే వయసు వరకు, అంటే సుమారు 50 ఏళ్లదాకా వాడమని డాక్టర్లు చెప్తారు. వాళ్లకు ఇది ఎక్కువ ఇవ్వడం కాదు. ఉండవలసినదాన్ని తిరిగి ఇవ్వడం. పై సంభాషణలో కోడలు అలాంటి మనిషే కావచ్చు. అత్తకు మాత్రం ఈ మందు అక్కర్లేదు. ఆమె వయసులో కొత్తగా మొదలుపెట్టకూడదు కూడా.

మామూలు వయసులో ముట్లుడిగి సెగలతో పని చేసుకోలేని స్థితిలో ఉన్నవాళ్లు కూడా డాక్టరును అడగవచ్చు. సెగలకు ఇంతకంటే బాగా పనిచేసే మందు లేదు. కొన్నాళ్లు వాడి, ఏడాదికోసారి చూపించుకుని, ఇంకా కావాలా అని ఆలోచించుకోవాలి.

రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు వద్దు. గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లకు వద్దు. కాలిలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్లకు, కాలేయం చెడినవాళ్లకు వద్దు. కారణం తెలియకుండా రక్తస్రావం అవుతుంటే ముందు ఆ కారణం తేలాలి. బి.పి. ఉంటే అది అదుపులోకి రావాలి. అందుకే ఇది మందుల షాపులో అడిగి తెచ్చుకునేది కాదు. పక్కింటామె వాడుతోందని మనమూ వాడేది కాదు.

మంట, పొడితనం, పదేపదే మూత్రంలో మంట ఉన్నవాళ్లకు యోనిలో పెట్టే క్రీము చాలు. అందులో హార్మోన్ చాలా తక్కువ. ఈ బాధ భర్తకు కూడా చెప్పుకోలేక మింగేవాళ్లు ఎంతోమంది. చెప్పుకోవాలి. చిన్న మందుతో పోయే బాధ అది.

ఇంకొక మాట. ఈ మందు ముడతలు తీసెయ్యదు. నెరిసిన జుట్టు నల్లబడదు. వయసు వెనక్కి తిరగదు. అలా అని చెప్పి పొడులు, సూదులు అమ్మేవాళ్లున్నారు. మగవాళ్లకు కూడా "మగతనం హార్మోన్" అని అమ్ముతున్నారు. మగవాళ్లకు హార్మోన్ వయసుతో పాటు మెల్లగా తగ్గుతుంది, ఆడవాళ్లకు లాగా ఒక్కసారి ఆగిపోదు. రక్తపరీక్షలో నిజంగా లోటు తేలినవాళ్లకే డాక్టర్లు ఇస్తారు. గోడ మీద పోస్టరు చూసి పోకండి.

ఎముకకు తిండి, ఎండ, నడక

మందు వాడినా వాడకపోయినా ఎముకకు సున్నం కావాలి. మనిషికి రోజుకు సుమారు 1000 మిల్లీగ్రాములు ఉండాలి. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. అదే బరువు పాలలో 120 దాకా ఉంటుంది. మన అమ్మమ్మలు తిన్న రాగి సంగటి, రాగి అంబలి ఇప్పుడు చక్కెర జబ్బు వాళ్ల తిండి అయిపోయింది. నువ్వులు, మునగాకు, ముళ్లతో తినే మెత్తళ్లు కూడా మంచివి. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలిన చారన్నం తినే అలవాటు ఉన్న తల్లికి ఇవేవీ అందవు. ఇది మందుల డాక్టరు బాగుచేసే సంగతి కాదు.

తిన్న సున్నం ఒంటికి పట్టాలంటే ఎండ తగలాలి. పొలం పని చేసేవాళ్లకు ఎండకేం కొదవ? ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేవాళ్లకు, కుట్టుపని చేసేవాళ్లకు మాత్రం కొదవే. వాళ్లు కాసేపు బయట నడవాలి. ఎముక మీద బరువు పడితేనే ఎముక గట్టిపడుతుంది.

గర్భసంచి తీయమంటే

కొన్నిసార్లు తీయక తప్పదు. క్యాన్సర్ ఉంటే తీయాలి. పెద్ద గడ్డలుండి మందులకు లొంగకపోతే, గర్భసంచి బాగా కిందికి జారిపోతే, రక్తం ఆగక ప్రాణం మీదికి వస్తే తీయాలి. అప్పుడు భయపడి ఆగవద్దు.

తెల్లబట్టకు మాత్రం గర్భసంచి తీయనవసరం లేదు. దుర్వాసన, దురద ఉంటే అది పుండు, సూక్ష్మజీవుల పని. బిళ్లలతో తగ్గుతుంది. కొన్నిసార్లు భర్త కూడా బిళ్లలు వేసుకోవాలి. ఎర్రబట్ట ఎక్కువైతే రక్తం తగ్గించే బిళ్లలున్నాయి. రక్తహీనతకు ఐరన్ బిళ్లలున్నాయి. హార్మోన్ ఉన్న లూప్ వేస్తే కొన్నేళ్లపాటు రక్తస్రావం బాగా తగ్గుతుంది. చిన్న గడ్డలు చాలావరకు ముట్లుడిగాక వాటంతటవే కుంచించుకుపోతాయి. క్యాన్సర్ భయం ఉంటే పరీక్ష చేయించుకోవాలి. 30 ఏళ్లు దాటినవాళ్లకు గర్భసంచి ముఖద్వారం పరీక్ష ప్రభుత్వ ఆస్పత్రుల్లో చేస్తారు. భయానికి మందు ఆపరేషన్ కాదు, పరీక్ష.

2019లో మహారాష్ట్రలోని బీడ్ జిల్లా సంగతి బయటికి వచ్చింది. అక్కడ చెరుకు కొట్టే ఆడకూలీలు 82 వేల మందికి పైగా సర్వే చేస్తే 13 వేల మందికి పైగా గర్భసంచి లేదు. పనికి రాని రోజుకు మేస్త్రీ జరిమానా వేస్తాడు. ముట్టు వస్తే పని చేయలేరు. అందుకని తీయించుకున్నామన్నారు చాలామంది. అక్కడ జబ్బు ఆడదాని ఒంట్లో ఉందా, కూలి పద్ధతిలో ఉందా?

ఇలాంటి ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2023 ఏప్రిల్ 5న తీర్పు వచ్చింది. అనవసరంగా గర్భసంచులు తీయకుండా కేంద్ర ప్రభుత్వం 2022లో చేసిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలు చేయాలని కోర్టు చెప్పింది. జిల్లాల్లో, రాష్ట్రాల్లో కమిటీలు ఉండాలి. ముఖ్యంగా 40 ఏళ్ల లోపు ఆడవాళ్లకు చేసిన ఆపరేషన్లను అవి చూడాలి. మన జిల్లాలో ఆ కమిటీ ఉందా అని సంఘం తరఫున జిల్లా వైద్యాధికారిని అడగవచ్చు.

డాక్టరు తీయాలంటే మనం అడగవలసినవి ఉన్నాయి. నాకేం జబ్బు? దీనికి మందు వాడి చూశామా? తీస్తే గర్భసంచి ఒక్కటేనా, అండాశయాలు కూడానా? అండాశయాలు బాగుంటే ఎందుకు తీయాలి? అడిగితే కొందరు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. ఇంకో డాక్టరుకు, ప్రభుత్వ ఆస్పత్రిలో, చూపించుకునే హక్కు మనకుంది. ప్రాణం మీదికి వచ్చిన రక్తస్రావం అయితే తప్ప, ఈ ఆపరేషన్‌కు నాలుగు రోజుల్లో కొంపలంటుకోవు.

ఇంకొకటి మరువకండి. ముట్లుడిగి ఏడాది దాటాక మళ్లీ ఒక్క చుక్క రక్తం కనబడినా డాక్టరు దగ్గరికి పోవాలి. "ముట్టు మళ్లీ తిరిగొచ్చిందిలే" అనుకుని ఇంట్లో కూర్చోవద్దు. అది క్యాన్సర్ గుర్తు కావచ్చు. తొందరగా పట్టుకుంటే నయమవుతుంది.

కాగితం చదువుదాం

ఆపరేషన్ ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టమంటారు. దాన్ని ఒప్పుకోలు పత్రం అంటారు. ఇప్పుడు మనకు చదువొచ్చింది. వేలిముద్ర వెయ్యవద్దు. చదివి సంతకం పెట్టండి. తెలుగులో లేకపోతే తెలుగులో చదివి వినిపించమనండి.

ఇంటికి పంపేటప్పుడు ఇంకో కాగితం ఇస్తారు. అది డిశ్చార్జి కాగితం. అది ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటుంది. ఇంట్లో పదో తరగతి చదివే పిల్లో పిల్లాడో ఉంటే ఈ అక్షరాలు వెతకమనండి.

టి.ఏ.హెచ్. అని ఉంటే పొట్ట కోసి గర్భసంచి తీశారు. వి.హెచ్. అంటే కింది నుంచి తీశారు. టి.ఎల్.హెచ్. అంటే చిన్న రంధ్రాలు పెట్టి తీశారు. వీటి పక్కన బి.ఎస్.ఓ. అని ఉందా? ఉంటే రెండు అండాశయాలూ, గొట్టాలూ తీసేశారని అర్థం. ఓ అక్షరం లేకుండా బి.ఎస్. అని మాత్రమే ఉంటే గొట్టాలు తీశారు, అండాశయాలు ఉన్నాయి. బయాప్సీ రిపోర్టు కూడా అడిగి తీసుకోండి. తీసిన భాగంలో నిజంగా జబ్బు ఉందో లేదో అందులో రాసి ఉంటుంది.

ఈ కాగితాలను పట్టా కాగితాలంత జాగ్రత్తగా దాచండి. పదేళ్ల తర్వాత ఎముకల డాక్టరుకు పనికొస్తాయి, గుండె డాక్టరుకూ పనికొస్తాయి.

కేంద్రంలో చేయవలసిన పని

మీ వాడలో గర్భసంచి తీయించుకున్న అక్కచెల్లెళ్లు ఎంతమంది? ఇష్టపడినవాళ్లను కాగితం తెమ్మనండి. ఆపరేషన్ నాటికి వాళ్ల వయసెంత, ఎందుకు తీశారు, అండాశయాలు ఉన్నాయా అని చూసి నోటుపుస్తకంలో రాయండి. పేర్లు రాయవద్దు. 45 ఏళ్ల లోపు బి.ఎస్.ఓ. అయినవాళ్లుంటే నర్సమ్మకు చెప్పి, ఆడవాళ్ల డాక్టరు వచ్చే రోజు కనుక్కుని, అందరూ కలిసి ఒకే ఆటోలో వెళ్లండి.